నటశేఖరుడు బళ్ళారి రాఘవ

ఏ కళా శూన్యంలో పుట్టదు. ఏ కాలంలో ఏ సాధనాలు మనిషి చేతికి అందాయో, ఏ భావాలు అతని మనస్సును కదిలించాయో, వాటిని బట్టి కళ రూపం దాలుస్తుంది. అనంతపురం జిల్లాలోని కళ్యాణదుర్గం పీఠభూమి ఈ సత్యానికి చక్కని సాక్ష్యం. కళ్యాణదుర్గానికి సమీపంలోని ముదిగల్లు పరిసరాలలో బృహత్ శిలాయుగపు మానవులు రాతి పలకలతో నిర్మించిన సమాధులు ఉన్నాయి. ఆ కాలం రాతితో తన భావాన్ని చెప్పుకొన్నది. విజయనగర రాజుల కాలంలో అదే రాయి తాడిపత్రి, లేపాక్షి ఆలయాలలో శిల్పమై పలికింది. మేకలు, గొర్రెలు జీవనాధారమైన ఈ సీమలో తోలు బొమ్మగా మారి, ఆముదపు దీపం వెలుగులో తెరమీద రామాయణ భారతాలను ఆడింది. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంటలో ఆ విద్య నేటికీ సజీవంగా ఉంది. ఆ తరువాత రైలు వచ్చింది, ఇంగ్లీషు చదువు వచ్చింది, న్యాయస్థానాలు వచ్చాయి. వాటి వెంట ఆధునిక నాటకం వచ్చింది. ఇంకొంత కాలానికి మాట్లాడే సినిమా వచ్చింది. ఈ చివరి రెండు యుగాల నడుమ నిలిచి, తెలుగు నటనకు కొత్త దారి చూపిన మహానటుడు బళ్ళారి రాఘవ.

రాఘవ అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. ఆయన 1880 ఆగస్టు 2వ తేదీన పెన్నానది ఒడ్డున ఉన్న తాడిపత్రిలో జన్మించారు. తండ్రి నరసింహాచార్యులు, తల్లి శేషమ్మ. ఆయన పుట్టేనాటికి ఆ సీమ ఒక ఘోర విపత్తు నుండి అప్పుడప్పుడే తేరుకుంటున్నది. 1876 నుండి 1878 వరకు దక్షిణ భారతాన్ని పీడించిన మహాక్షామంలో లక్షలాది ప్రజలు మరణించారు. ఆ క్షామం తీవ్రంగా తాకిన ప్రాంతాలలో బళ్ళారి జిల్లా ఒకటి. నాటికి అనంతపురం ప్రత్యేక జిల్లాగా ఏర్పడలేదు. 1882లో బళ్ళారి జిల్లాను విభజించి అనంతపురం జిల్లాను ఏర్పాటు చేశారు. అందువల్ల తాడిపత్రి, అనంతపురం ప్రజలకు విద్యకైనా వ్యాజ్యానికైనా బళ్ళారి పట్టణమే కేంద్రంగా ఉండేది. అక్కడ తెలుగు, కన్నడం రెండూ ఇంటి భాషలే. సైనిక స్థావరం ఉన్నందున ఇంగ్లీషు, హిందుస్తానీ కూడా వీధులలో వినిపించేవి. ఇన్ని భాషలు కలిసిన ఊరు నటుడికి సహజమైన పాఠశాల అయింది.

బళ్ళారిలో ఆధునిక నాటకానికి పునాది వేసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు రాఘవకు మేనమామ. వృత్తిరీత్యా ఆయన న్యాయవాది. మద్రాసు, బొంబాయి నగరాలను కలుపుతూ 1871 నాటికి పూర్తయిన రైలుమార్గం సీమ నడిబొడ్డు గుండా సాగింది. నాటక సమాజాలు తెరలను, దుస్తులను, వాద్యాలను పెట్టెలలో సర్దుకొని ఊరి నుండి ఊరికి ప్రయాణించడం సులభమయింది. మహారాష్ట్ర, ధార్వాడ ప్రాంతాల సమాజాలు తెలుగునాట ప్రదర్శనలు ఇవ్వసాగాయి. పర భాషా నాటకాలను చూసి ముగ్ధులైన తెలుగువారికి, మన భాషలో ఇట్టి ప్రదర్శనలు ఎందుకు ఉండరాదన్న తపన కలిగింది. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు గారిని 1880లో నాటక ప్రదర్శనకు పురికొల్పిన తపన అదే. బళ్ళారిలో రామకృష్ణమాచార్యులు సరస వినోదిని సభను స్థాపించి, 'చిత్రనళీయము' మొదలైన నాటకాలను స్వయంగా రచించి ప్రదర్శించారు. తెలుగు నాటకంలో పాటలను, రాగయుక్తమైన పద్యాలను ప్రవేశపెట్టి జనాన్ని ఆకట్టుకున్నారు. సుఖాంతమే నియమంగా ఉన్న సంప్రదాయంలో 'విషాద సారంగధర' వంటి విషాదాంత నాటకాన్ని రచించే సాహసం చేశారు. అందుకే ఆయన ఆంధ్ర నాటక పితామహుడని కీర్తి పొందారు.

అదే పట్టణంలో మరొక న్యాయవాది కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభను స్థాపించారు. ఆయన దృష్టి చరిత్ర వైపు మళ్ళింది. ప్రపంచ నాటక చరిత్రను గురించి ఇంగ్లీషులో గ్రంథం రచించిన పండితుడాయన. హంపి శిథిలాలు బళ్ళారికి ఎంతో దూరంలో లేవు. బళ్ళారిలో అధికారిగా పనిచేసిన రాబర్ట్ సీవెల్ 1900లో విజయనగర సామ్రాజ్య చరిత్రను ప్రకటించారు. శాసనాలను, విదేశీ యాత్రికుల రచనలను ఆధారం చేసుకొని గతాన్ని పునర్నిర్మించే చరిత్ర శాస్త్రం అప్పుడప్పుడే మన దేశంలో వేరూనుకుంటున్నది. పురాణ కథలతో పాటు చరిత్ర కూడా రంగస్థలానికి వస్తువు కాగలదన్న భావం ఆ వాతావరణంలో బలపడింది. 1565 నాటి యుద్ధాన్ని, విజయనగర పతనాన్ని ఇతివృత్తంగా తీసుకొని శ్రీనివాసరావు రచించిన 'రామరాజు చరిత్ర' అట్టి నాటకమే.

ఈ ఇద్దరు నాటకకర్తల నడుమ పెరిగిన రాఘవ బాల్యంలోనే రంగస్థలానికి చేరువయ్యారు. బళ్ళారిలో ఉన్నత పాఠశాల విద్యను ముగించి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులయ్యారు. 1905లో న్యాయశాస్త్ర పట్టాను పొంది, బళ్ళారిలో న్యాయవాద వృత్తిని చేపట్టారు. క్రిమినల్ కేసులను వాదించడంలో ఆయన గొప్ప పేరు గడించారు. న్యాయస్థానంలో వాదించేవాడు ప్రతి మాటను తూచి పలకాలి. ఎదుటివాని ముఖకవళికలను చదవాలి. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ మౌనం వహించాలో తెలిసి ఉండాలి. నేరస్థుని భయం, సాక్షి తడబాటు, బాధితుని వేదన అక్కడ దినదినం కళ్ళ ముందు కదలాడుతాయి. మానవ స్వభావాన్ని ఇంత దగ్గరగా పరిశీలించే అవకాశం మరే వృత్తిలోనూ లభించదు. పగలు కోర్టులో చూసిన మనుషులే రాత్రి రంగస్థలంపై ఆయన పాత్రలలో ఊపిరి పోసుకున్నారని చెప్పవచ్చు.

వృత్తి ఆయనకు మరొక మేలు కూడా చేసింది. నాటకం ద్వారా జీవించవలసిన అవసరం ఆయనకు కలగలేదు. నాటకాన్ని అమ్ముకునేవాడు ప్రేక్షకుడు కోరినదే ఇవ్వవలసి వస్తుంది. రాఘవకు ఆ నిర్బంధం లేదు. న్యాయవాదిగా ఆర్జించిన ధనాన్ని ఆయన నాటకానికి వెచ్చించారు. మంచి పనుల సహాయార్థం ఎన్నో ప్రదర్శనలు ఇచ్చారు. తాను నమ్మిన పద్ధతిని జనం మెచ్చినా మెచ్చకపోయినా విడిచిపెట్టకుండా ఉండగలిగే స్వేచ్ఛ ఆయనకు ఈ విధంగా లభించింది.

ఆ స్వేచ్ఛ ఎంత అవసరమో తెలియాలంటే నాటి రంగస్థల స్థితిని గ్రహించాలి. ధ్వనివర్ధకాలు లేని రోజులవి. వేలాది జనం నడుమ, పెట్రోమాక్సు దీపాల వెలుగులో తెల్లవార్లూ నాటకాలు జరిగేవి. చివరి వరుసలో కూర్చున్నవానికి నటుని ముఖం కనిపించదు, మామూలు మాట వినిపించదు. తారస్థాయిలో పాడిన పద్యం మాత్రమే అతన్ని చేరగలదు. అందువల్ల గొంతు బలమే నటుని బలమయింది. పద్యం చివర రాగాన్ని ఎంతసేపు సాగదీస్తే అంత గొప్ప నటుడనే భావన స్థిరపడింది. ప్రేక్షకులు మళ్ళీ మళ్ళీ పాడమని కేకలు వేసేవారు. చనిపోయిన పాత్ర సైతం లేచి పద్యాన్ని మరోసారి పాడి తిరిగి పడుకున్న సందర్భాలను గురించి ఆనాటి వారు హాస్యంగా చెప్పుకొనేవారు. గ్రామఫోను రికార్డులు వచ్చిన తరువాత ఈ మోజు మరింత పెరిగింది. పద్యం నాటకం నుండి విడిపోయి, ఇంటింటా విడిగా వినిపించే వస్తువుగా మారింది.

దీనిని కేవలం ప్రేక్షకుల అభిరుచి లోపమని కొట్టిపారవేయడం న్యాయం కాదు. పొలం పనులతో, వాన కోసం ఎదురుచూపులతో అలసిన జనానికి ఆ పద్యాలు గొప్ప ఊరటనిచ్చాయి. అక్షరం రాని రైతు కూడా ఆ పద్యాలను కంఠస్థం చేసి నాగలి వెనుక పాడుకున్నాడు. ఆ విధంగా సాహిత్యం చదువుల గడప దాటి పల్లెకు చేరింది. అయితే ఆ సంగీత ప్రవాహంలో పాత్ర మునిగిపోతున్నదని రాఘవ గుర్తించారు. పుత్రశోకంలో ఉన్న తండ్రి రాగాలాపన చేస్తే అది దుఃఖం అనిపించుకోదు. కోపంతో రగిలే రాజు తాళం తప్పకుండా పాడితే అది కోపం అనిపించుకోదు. నాటకానికి ప్రాణం మాట, ఆ మాటకు మూలం మనస్సు అని ఆయన నమ్మారు.

ఈ నమ్మకం వెనుక ఆ యుగపు గాలి ఉన్నది. ఐరోపాలో ఇబ్సెన్, బెర్నార్డ్ షా నాటకాలు నిత్యజీవిత సమస్యలను రంగస్థలంపైకి తెచ్చాయి. రష్యాలో స్టానిస్లావ్‌స్కీ 1898లో మాస్కో ఆర్ట్ థియేటరును స్థాపించి, నటుడు పాత్ర మనస్సులోకి ప్రవేశించాలనే సిద్ధాంతాన్ని ఆచరణలో పెట్టారు. మనస్తత్వశాస్త్రం ఒక ప్రత్యేక శాస్త్రంగా వికసించి, మనిషి పైకి పలికే మాట వెనుక దాగిన భావాలను పరిశోధింపసాగింది. తెలుగునాట గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' ద్వారా వాడుక భాషకు నాటక గౌరవాన్ని కల్పించారు. గిడుగు రామమూర్తి పంతులు వ్యావహారిక భాషోద్యమాన్ని నడిపారు. మాట సహజంగా ఉండాలన్న ఆ ఆకాంక్ష రచనలో ఉద్యమమైతే, అభినయంలో అదే ఆకాంక్షకు రూపమిచ్చినవారు రాఘవ.

ఆయన పద్యాన్ని తిరస్కరించలేదు. పద్యాన్ని భావయుక్తంగా, మాట పలికినట్లు పలికేవారు. వచనానికి ప్రాధాన్యం ఇచ్చారు. చూపుతో, చేతి కదలికతో, ఒక్క క్షణపు మౌనంతో భావాన్ని పలికించేవారు. హరిశ్చంద్రుడు, దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, బృహన్నల వంటి పౌరాణిక పాత్రలను ఆయన సాటి మనుషులుగా చూపారు. ఆయన హిరణ్యకశిపుడు రాక్షసుడు మాత్రమే కాదు, కొడుకును చేజార్చుకుంటున్న తండ్రి కూడా. షేక్‌స్పియర్ నాటకాలను లోతుగా అధ్యయనం చేసి, ఒథెల్లో వంటి పాత్రలను ఇంగ్లీషులోనే అభినయించారు. తెలుగు, కన్నడం, హిందీ, ఇంగ్లీషు భాషలలో నటించగల సామర్థ్యం ఆయన సొంతం. 'రామరాజు చరిత్ర'లో ఆయన ధరించిన పఠాను రుస్తుం పాత్ర ప్రేక్షకుల మనస్సులలో చెరగని ముద్ర వేసింది. మతాల నడుమ వైమనస్యానికి దారితీస్తుందన్న కారణంతో ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. గత చరిత్రను చూపే నాటకం వర్తమాన రాజకీయానికి ఎంత దగ్గరగా ఉంటుందో ఆ నిషేధం తెలియజేసింది.

మత సామరస్యాన్ని బోధించే 'దీనబంధు కబీరు'లో ఆయన కబీరు పాత్ర ధరించారు. 1927లో మహాత్మాగాంధీ ఆ ప్రదర్శనను తిలకించి రాఘవ నటనను ప్రశంసించారు. సాధారణంగా నాటకాలకు దూరంగా ఉండే గాంధీజీని ఆకర్షించిన ఆ ప్రదర్శనలో ఆడంబరం లేదు. కబీరు నేతపని చేసుకొనే పేదవాడు. మగ్గాల సవ్వడికి పేరు పొందిన ధర్మవరం సీమ నటునికి ఆ జీవితం కొత్తది కాదు. 1920వ దశకం చివర రాఘవ ఇంగ్లండులో పర్యటించి అక్కడి రంగస్థల ప్రముఖులను కలుసుకున్నారు. బెర్నార్డ్ షాతో ఆయనకు పరిచయం ఏర్పడింది. పాశ్చాత్య నటనను గౌరవంగా పరిశీలించి, మన నాటకానికి పనికివచ్చే గుణాన్ని మాత్రమే స్వీకరించారు.

రాఘవ చేసిన మరొక పోరాటం ఇంతకంటె కఠినమైనది. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని ఆయన పట్టుపట్టారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సమాజంలో ఆ కుటుంబాల స్త్రీలు మొదటి నుండి నటిస్తున్నారు. కాని చదువుకున్నవారు నడిపే ఔత్సాహిక సమాజాలలో పురుషులే స్త్రీ వేషాలు ధరించేవారు. గౌరవ కుటుంబాల స్త్రీలు రంగస్థలం ఎక్కడం అవమానమని సంఘం భావించింది. స్త్రీ వేషధారులైన పురుషులలో మహానటులు లేకపోలేదు. అయినా సహజత్వమే నటనకు ప్రమాణమని నమ్మినప్పుడు స్త్రీని వేదికకు దూరంగా ఉంచడం సాధ్యం కాదు. రాఘవ ప్రోత్సాహంతో కొమ్మూరి పద్మావతీదేవి వంటి విద్యావంతులైన స్త్రీలు నాటకరంగంలో ప్రవేశించారు. నిందలు వారికీ తప్పలేదు, ఆయనకూ తప్పలేదు. పి.వి. రాజమన్నారు రచించిన 'తప్పెవరిది' నాటకాన్ని రాఘవ ఇట్టి నటీమణులతో ప్రదర్శించారు. ఇంటి నాలుగు గోడల నడుమ స్త్రీ పడే వేదనను చర్చించిన నాటకమది. మద్రాసులో న్యాయవాదిగా ఉన్న రాజమన్నారు తరువాతి కాలంలో మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1953లో ఏర్పడిన సంగీత నాటక అకాడమీకి తొలి అధ్యక్షులుగా కూడా వ్యవహరించారు.

ఇంతలో కాలం మరొక మలుపు తిరిగింది. 1932లో తొలి తెలుగు మాటల చిత్రం 'భక్త ప్రహ్లాద' విడుదలయింది. ఆ చిత్రానికి మూలం రామకృష్ణమాచార్యుల నాటకం. మేనమామ రంగస్థలానికి ఇచ్చిన నాటకమే రంగస్థలానికి పోటీగా నిలిచిన కొత్త కళకు తొలి మెట్టు కావడం కాలం చేసిన చిత్రమైన పని. నాటకం ఒక రాత్రి ఒక ఊరిలో మాత్రమే జరుగుతుంది. చలనచిత్రం ఒకేసారి పది ఊళ్ళలో కనిపిస్తుంది. తెల్లవార్లూ మేలుకొనే అవసరం లేకుండా రెండు మూడు గంటలలో ముగుస్తుంది. క్రమంగా జనం టూరింగ్ టాకీసుల వైపు మళ్ళారు.

రాఘవ కొత్త సాధనాన్ని చూసి వెనుకకు తగ్గలేదు. 1936లో 'ద్రౌపదీ మానసంరక్షణం' చిత్రంలో దుర్యోధన పాత్రను ధరించారు. అదే ఏడాది అదే కథతో 'ద్రౌపదీ వస్త్రాపహరణం' అనే మరొక చిత్రం కూడా వచ్చింది. ఆ పోటీలో రాఘవ నటించిన చిత్రం పరాజయం పొందింది. వేదికపై తిరుగులేని నటునికి తెరపై కలిగిన ఈ అపజయం ఆలోచింపదగినది. నాటి చిత్రాలు ఎక్కువగా పద్య నాటకాలనే కెమెరా ముందు తిరిగి ఆడించాయి. ఏ పద్య మోజును రాఘవ వేదికపై ఎదిరించారో, అదే మోజు తెరపై కూడా రాజ్యమేలింది. సాధనం మారినంత మాత్రాన అభిరుచి ఒక్కరోజులో మారదు.

అయితే 1939లో గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో వచ్చిన 'రైతుబిడ్డ' చిత్రం రాఘవకు తగిన అవకాశాన్ని ఇచ్చింది. జమీందారీ వ్యవస్థ వల్ల, అప్పుల భారం వల్ల నలిగిపోయే రైతుల జీవితాన్ని ఆ చిత్రం చూపింది. అందులో ఆయన రైతు పాత్రను ధరించారు. రాజులు, చక్రవర్తుల వేషాలలో జనాన్ని మెప్పించిన నటుడు తలపాగా చుట్టుకొని మట్టి మనిషిగా కనిపించారు. ఆయన పుట్టి పెరిగిన సీమలో రైతు కష్టం ఊహించి తెలుసుకోవలసిన విషయం కాదు. వాన పడని ఏట ఎండిన చేను, షావుకారు ఇంటి గుమ్మం, వలస పోయే బండ్లు అక్కడ ఎల్లప్పుడూ కనిపించే దృశ్యాలే. జమీందారులు ఆ చిత్రంపై ఆగ్రహించి, దాని ప్రదర్శనకు అడ్డంకులు కల్పించారు. పద్మావతీదేవి కూడా ఆ చిత్రంలో నటించారు. రాఘవ ఏ సహజ నటన కోసం ముప్పై ఏళ్ళు తపించారో ఆ నటనకు కెమెరాయే తగిన సాధనమని ఆ చిత్రం సూచించింది. కెమెరా కంటి కదలికను పట్టుకోగలదు. మైక్రోఫోను మెల్లని మాటను కూడా చివరి వరుసకు వినిపించగలదు. విజ్ఞానశాస్త్రం ఆ సౌకర్యాన్ని సమకూర్చేనాటికి ఆయన అరవయ్యో ఏటికి చేరువయ్యారు. 1940లో వచ్చిన 'చండిక' చిత్రం తరువాత ఆయన తెరపై కనిపించలేదు.

1946 ఏప్రిల్ 16వ తేదీన రాఘవ బళ్ళారిలో కన్నుమూశారు. మరుసటి ఏడు దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. కళ్యాణదుర్గానికి పొరుగున ఉన్న రాయదుర్గం, ఆయన పుట్టిన తాడిపత్రి ఆంధ్రలో నిలిచాయి. రాష్ట్రాల సరిహద్దులు మారినా ఆయన రెండు భాషల వారికీ ఆత్మీయుడుగానే మిగిలారు. బళ్ళారిలో ఆయన పేర రాఘవ కళామందిరం వెలసింది. 1981లో భారత ప్రభుత్వం ఆయన స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది.

రాఘవ తలపెట్టిన సంస్కరణలన్నీ ఆయన జీవితకాలంలో నెరవేరలేదు. పద్య నాటకం ఆయన తరువాత కూడా ప్రజాదరణతో కొనసాగింది. రాయలసీమ పల్లెలలో నేటికీ పండుగలకు, జాతరలకు పద్య నాటకాలు ఆడుతూనే ఉన్నారు. దానిని ఆయన ఓటమిగా భావించనవసరం లేదు. ఒక కాలంలో పుట్టిన కళ మరొక కాలం రాగానే అంతరించిపోదు. రాతి సమాధుల పక్కనే తోలుబొమ్మలు ఆడాయి, తోలుబొమ్మల పక్కనే నాటకం వెలసింది, నాటకం పక్కనే సినిమా నిలిచింది. ప్రతి కొత్త కళా పాతదాని నుండి కొంత తీసుకొన్నది, దానికి కొంత తిరిగి ఇచ్చింది. నేడు స్త్రీలు వేదికపై నటించడం ఎవరికీ వింతగా తోచదు. నటుడు పాడకపోయినా, మెల్లగా మాట్లాడినా అది లోపమని ఎవరూ అనరు. ఈ మార్పు తనంతట తాను రాలేదు. దాని కోసం నిందలను సహించినవారు ఉన్నారు. వారిలో అగ్రగణ్యుడు బళ్ళారి రాఘవ.

కాలం మనిషిని తీర్చిదిద్దుతుందన్నది నిజం. క్షామం, రైలు, న్యాయస్థానం, ఇంగ్లీషు సాహిత్యం, జాతీయోద్యమం కలిసి రాఘవను తీర్చిదిద్దాయి. అయితే అదే కాలం, అవే వసతులు మరెందరికో లభించాయి. లభించినదానితో తృప్తి చెందక, తన కాలపు అభిరుచిని ప్రశ్నించి, రాబోయే కాలానికి దారి వేయడం కొందరికే సాధ్యం. చప్పట్లను వదులుకొని సత్యాన్ని ఎంచుకున్న నటుడు కాబట్టే, ఆ చప్పట్లు ఏనాడో అణగిపోయినా ఆయన పేరు నిలిచి ఉంది.